ముత్తాత ట్రంకుపెట్టెలో రివాల్వర్: పెన్నలో పారేయాలా, దాచుకోవాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య మా జేజి పోయినాక ఆమె గదిలోని ఇనుప ట్రంకుపెట్టె తెరిచినాం. అడుగున నూనెగుడ్డలో చుట్టిన పాత రివాల్వర్ ఒకటి ఉంది. జేజికి మామ, అంటే మా ముత్తాత, మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీరు దళంలో సుబేదారుగా చేసి మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా దాకా పోయొచ్చినాడని ఇంట్లో చెప్తారు. రివాల్వర్ మీద ఇంగ్లీషులో వెబ్లీ అనీ, మార్క్ అనీ, 1917 అనీ ఉంది. పిడి అడుగున రింగు ఉంది. తుప్పుతో బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. నాయన ‘ఈ పీడ మనకొద్దు, పోయి పెన్నలో పారేసి రా’ అంటున్నాడు. టౌన్లో పాత సామాన్లు కొనే ఆయనేమో ‘నూరేళ్లు దాటిన దానికి లైసెన్సు అక్కర్లేదు, నాకిచ్చేయ్’ అని మంచి రేటు చెప్పినాడు. నాకు మాత్రం దీన్ని శుభ్రం చేసి పెట్టుకోవాలనీ, ఇట్లాంటి పాత మిలిటరీ రివాల్వర్లు ఇంకొన్ని సేకరించాలనీ ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, కడప జిల్లా

సమాధానం: ముందు పెన్న సంగతి తేల్చేద్దాం. పారేయొద్దు. మీ నాయన భయం నాకు బాగా అర్థమవుతుంది. ఇంట్లో తుపాకీ ఉందన్న మాట వీధిలోకి పోతే మన సీమలో దానికి ఎన్ని కాళ్లొస్తాయో, ఏ పాత తగాదాకు ముడిపెడతారో ఆ వయసు వాళ్లందరికీ తెలుసు. కానీ పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది ఇసుకే. ఆ ఇసుకను తోడే ట్రాక్టర్లున్నాయి, అందులో ఆడుకునే పిల్లకాయలున్నారు. అక్కడ పారేసిన ఆయుధం ఎవరి చేతికి చిక్కుతుందో, చిక్కిన రోజున మీ ఇంటికి ఎవరు వస్తారో చెప్పలేం. దొరికిన వస్తువును మాయం చేయాలని చూశారన్న మాట అప్పుడు మీ మీద నిలుస్తుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న బలమల్లా ఒక్కటే: పెట్టె తెరిచేదాకా మీకు తెలియదు, తెలిసిన వెంటనే మీరే వచ్చి చెప్పారు. ఆ బలాన్ని ఏటిపాలు చేసుకోవద్దు.

పాత సామాన్ల ఆయన మాట ఇంకా ప్రమాదం. ‘నూరేళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదు’ అన్నది రెండు చట్టాలను కలగాపులగం చేయడం వల్ల పుట్టిన నమ్మకం. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్లు దాటిన వస్తువును పురావస్తువు అంటుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని కట్టడి పెడుతుంది. ఆయుధం ఇంట్లో ఉంచుకోవచ్చా లేదా అన్నది ఆ చట్టం పని కాదు. అది 1959 నాటి ఆయుధాల చట్టం చూసుకుంటుంది. ఆ చట్టం 45వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉన్న మాట నిజం. పాతబడిన నమూనా అయినా, పురావస్తువుగా విలువున్నదైనా, పాడైపోయినదైనా సరే, ఆ చట్టం వర్తించదు అంటుంది. అక్కడితో ఆగి చదివేవాళ్లే ఎక్కువ. ఆ వెంటనే షరతుంది: అది మరమ్మతు చేసినా, చేయకపోయినా కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉండాలి. మీ రివాల్వర్ తుప్పుతో బిగుసుకుందన్నారు. చేయి తిరిగిన తుపాకీ మేస్త్రీ దగ్గర కూర్చుంటే ఆ తుప్పు వదిలిపోవచ్చు. మరమ్మతుతో పేలే అవకాశం ఉన్నంతకాలం ఆ మినహాయింపు మీకు దక్కదు.

2020లో ఆయుధాల నిబంధనలకు చేసిన సవరణలో ‘క్యూరియో’, అంటే అపురూపమైన పాత వస్తువు, అనే వర్గం గురించి కూడా ఉంది. ఆ వర్గంలోకి వచ్చే చిన్న ఆయుధాలను భారతీయ పౌరులు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. కానీ వాడాలన్నా, ఒంటిమీద పెట్టుకుని తిరగాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవాలన్నా లైసెన్సు కావాలి. సేకరణ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇది మంచి వార్తే. అయితే ఫలానా వస్తువు ఆ వర్గంలోకి వస్తుందని తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు, రేటు చెప్పిన ఆ పెద్దమనిషి అంతకన్నా కాదు. కలెక్టరుకు అర్జీ పెట్టుకుని రాతపూర్వకంగా జవాబు తెచ్చుకునేదాకా దాన్ని మామూలు తుపాకీగానే చూడాలి.

ఇంకో చిక్కు దాని బోరుతో, అంటే గొట్టం లోపలి వెడల్పుతో ఉంది. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది వెబ్లీ మార్క్ 6. దాని తూటా .455. నిబంధనల షెడ్యూలులో .380, .455 తూటాలు పట్టే పిస్టళ్లు, రివాల్వర్లు నిషిద్ధ బోరు కింద ఉన్నాయి. అంటే ఇది జిల్లా స్థాయిలో లైసెన్సు ఇచ్చే .32 రివాల్వర్ లాంటిది కాదు, కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. 2019 సవరణ తర్వాత, నిషిద్ధ ఆయుధం అనుమతి లేకుండా దగ్గరుంటే శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ఉంది. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఆ ఆయన చెప్పిన రేటుకు ఎదురుగా ఏముందో మీకు కనపడాలని చెబుతున్నాను. అతనికి అమ్మితే నేరం ఇద్దరిదీ అవుతుంది. చట్టబద్ధంగా ఉన్న తుపాకీని లైసెన్సున్న మనిషికి అమ్మాలన్నా కలెక్టరుకో, స్టేషన్‌కో ముందుగా రాసిచ్చి 45 రోజులు ఆగాలి. టీ కొట్టు దగ్గర చేతులు మారే సరుకు కాదిది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రివాల్వర్‌ను ఉన్నచోటే ఉంచండి. తెరవాలని ఒత్తకండి, హ్యామర్ లాగకండి, ట్రిగ్గర్ దరిదాపుల్లోకి వేలు పోనివ్వకండి. లోపల తూటాలు ఉన్నాయనే అనుకోండి. నూరేళ్ల నాటి తూటా చచ్చిపోయి ఉండదా అని చాలామంది అనుకుంటారు. నూనెగుడ్డలో చుట్టి, గాలి తగలని పెట్టెలో ఉన్న తూటా పేలినా ఆశ్చర్యం లేదు. గొట్టం మనుషుల వైపు లేకుండా చూసి, గదికి తాళం వేయండి. పిల్లలున్న ఇల్లయితే తాళంచెవి మీ నాయన దగ్గరే ఉండాలి.

ఆ తర్వాత పెట్టెలోని కాగితాలు వెతకండి. ఒక్కటి కూడా పారేయొద్దు. మీ జేజినాయన పేరు మీద పాత లైసెన్సు పుస్తకం ఏమన్నా ఉందేమో చూడండి. ఉంటే సగం బరువు దిగినట్టే. ఒకప్పుడు ఆ ఆయుధం చట్టప్రకారమే ఆ ఇంట్లో ఉందనడానికి అదే సాక్ష్యం. సర్వీసు నుంచి విడుదలైన సర్టిఫికెట్, పింఛను కాగితాలు, యూనిఫాంలో దిగిన ఫొటో, ఏవున్నా పక్కన పెట్టండి.

తర్వాత క్రిమినల్ కేసులు చూసే అడ్వకేటు ఒకరిని కలిసి, స్టేషన్ హౌస్ ఆఫీసర్ పేరు మీద ఉత్తరం రాయించండి. ఫలానా తేదీన ఫలానావారు చనిపోయాక, ఫలానా పెట్టెలో ఈ వస్తువు దొరికింది, దీన్ని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అప్పగించదలిచాము అని. ఎవరి సమక్షంలో పెట్టె తెరిచారో వాళ్ల పేర్లూ రాయండి. రివాల్వర్‌ను మాత్రం సంచిలో వేసుకుని మోటారుసైకిల్ మీద మీరే తీసుకుపోవద్దు. దారిలో తనిఖీ జరిగితే మీ ఉత్తరం మీ జేబులోనే ఉండిపోతుంది. ఉత్తరంతో పోయి, వాళ్లనే వచ్చి పంచనామా చేసి తీసుకోమని అడగండి. ఊళ్లో పెద్దమనిషి ఒకరు పక్కనుంటే మంచిది. పొద్దున పూట పోండి. అందరూ చూస్తుండగా జరిగిన పనికి పుకారు తక్కువ పుడుతుంది.

రసీదు లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు. అందులో నంబరు, గుర్తులు, తయారైన సంవత్సరం, ఎంత తుప్పు పట్టి ఉందో, అన్నీ రాయించండి. ఇది మీకు కేసుల భయం కోసమే కాదు. డిపాజిట్ చేసిన ఆయుధాన్ని గడువులోపు ఎవరూ అడగకపోతే, ఎవరికీ బదలాయించకపోతే ప్రభుత్వం జప్తు చేసుకోవచ్చు. అలా జప్తయిన పాత తుపాకులు పనికిరాని ఇనుముగా పోతే అడిగే దిక్కుండదు. అందుకే అప్పగించిన వెంటనే రెండో అర్జీ కలెక్టరుకు పెట్టండి. వారసత్వంగా దాన్ని ఉంచుకునేందుకు అనుమతి కోరండి. అది కుదరకపోతే ప్రభుత్వ మ్యూజియానికి ఇప్పించమని అదే అర్జీలో అడగండి. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది, అనంతపురంలోనూ కర్నూలులోనూ మ్యూజియాలున్నాయి. పురావస్తు, మ్యూజియాల శాఖకు కూడా ఒక ప్రతి పంపండి. దాతగా మీ కుటుంబం పేరు, సుబేదారుగారి పేరు, ఆయన పనిచేసిన దళం పేరు వస్తువు పక్కన రాయాలని షరతు పెట్టండి.

దాపరికం లేకుండా చెప్పాలంటే, నిషిద్ధ బోరు కాబట్టి ఆ రివాల్వర్ మళ్లీ మీ బీరువాలోకి వచ్చే అవకాశం తక్కువ. వారసత్వపు తుపాకులకు చట్టంలో దారి ఉంది గానీ, 2019 నుంచి ఒక మనిషికి మొత్తం రెండే తుపాకులు, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే. పాతికో, యాభయ్యో పేలే రివాల్వర్లను గోడకు వరసగా పెట్టుకునే విదేశీయుల వీడియోలు మీరు చూసి ఉంటారు. వాళ్ల చట్టం వేరు. మన దగ్గర ఆ తీరు సేకరణ మామూలు మనిషికి సాగే పని కాదు. ఇంకొకటి, పేలకుండా చేసేస్తే సరిపోతుంది కదా అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. గొట్టంలో సీసం పోయించడం, సుత్తితో కొట్టించడం, రంధ్రం వేయించడం, ఏదీ చేయొద్దు. తుపాకీని మార్చాలన్నా, బాగుచేయాలన్నా చట్టంలో లైసెన్సు కావాలి. మీ ఊరి కమ్మరికి అది లేదు. పైగా దానివల్ల వస్తువు విలువ పోతుంది.

ఇక మీకు నిజంగా ఇష్టమైన విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ ‘1917’. పెట్టెలో దొరికిన ఇనుపముక్క మీద సంవత్సరం చదివి ఉత్తరం రాశారంటే మీలో సేకరించేవాడి లక్షణం ఉంది. దాన్ని వదులుకోవద్దు.

ఆ వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రివాల్వర్‌ను వ్యాపారంగా నిలబెట్టిన శామ్యూల్ కోల్ట్ అమెరికాలో పేటెంటు తీసుకున్నది 1836లో. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో కోల్ట్ రివాల్వర్, ఇంగ్లాండులో రాబర్ట్ ఆడమ్స్ చేసిన రివాల్వర్ ఎదురెదురుగా నిలిచాయి. కోల్ట్‌కు ప్రతి దెబ్బకూ హ్యామర్‌ను బొటనవేలితో వెనక్కి లాగాలి. ఆడమ్స్‌కు ట్రిగ్గర్ గట్టిగా నొక్కితే చాలు, హ్యామర్ తనంతట తానే లేచి పడేది. ఫ్రెడరిక్ బ్యూమాంట్ అనే ఇంజనీరు దళం అధికారి ఆ రెండు పద్ధతులనూ ఒకే రివాల్వర్‌లో కలిపాడు. దాన్ని 1856లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది. మరుసటి ఏడే మన దేశంలో 1857. ఆ పోరాటంలో ఇంగ్లీషు అధికారుల చేతుల్లో ఉన్నవి ఈ ఆడమ్స్‌లూ, కోల్ట్‌లూ. వాటిలో ఇప్పటి తూటాలు పట్టవు. మందు, గుండు విడిగా దట్టించి, వెనక రాగి టోపీ పెట్టాలి. ఐదారు గుళ్లు అయిపోతే మళ్లీ నింపుకునేలోగా మనిషి మీదికి వచ్చేవాడు.

ఇత్తడి తొడుగు తూటాలు వచ్చాక కాల్చిన తొడుగులను త్వరగా బయటికి తీయడమే పెద్ద సమస్య అయింది. 1880లో ఎన్‌ఫీల్డ్ కార్ఖానా చేసిన రివాల్వర్‌లో తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ ముందుకు జరిగి తొడుగులు కిందికి రాలేవి, అడుగు గదిలోది మాత్రం ఇరుక్కునేది. ఆ చిక్కును తీర్చింది బర్మింగ్‌హామ్ వెబ్లీ. 1887లో సైన్యం తీసుకున్న మార్క్ 1 నుంచి దాని పద్ధతి ఒకటే. ఎడమ వైపు మీటను బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే, మధ్యలో నక్షత్రం లాంటి పళ్లెం లేచి ఆరు తొడుగులనూ ఒక్కసారిగా బయటికి విసురుతుంది. ఆ తర్వాత మార్పులు చిన్నచిన్నవి. 1899 నాటి మార్క్ 4ను దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధం పేరుతో పిలుస్తారు. 1913లో మార్క్ 5. అక్కడిదాకా పిడి పక్షి తలలా గుండ్రంగా, గొట్టం మామూలుగా 4 అంగుళాలు ఉండేది. 1915లో వచ్చిన మార్క్ 6కు గొట్టం 6 అంగుళాలైంది, పిడి అడుగు చదునైంది. ఆ యుద్ధకాలంలో దాదాపు 3 లక్షలు చేశారు. బరువు కిలో పైమాటే. మీది ఆ రకం.

మీరు సేకరణలో పెట్టే మొదటి పెట్టుబడి డబ్బు కాకూడదు, ఇట్లా వస్తువును చదవడం కావాలి. పోలీసులకు అప్పగించే ముందు, కదిలించకుండా, కనిపించినంత మేరకు ఫొటోలు తీసుకోండి. సిలిండర్ మీద నంబరు, చట్రం మీద నంబరు ఒకటేనా? వేరైతే ఎక్కడో, ఎప్పుడో విడిభాగాలు మార్చారు. కిరీటం కింద ఒక అంకె ఉన్న చిన్న ముద్రలు కార్ఖానాలో తనిఖీ చేసినవాళ్లవి. పైకి చూసే బాణం ములికి లాంటి గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని. ఆ బాణం పక్కన ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వ ఖాతాలోది. ఇక అసలైన గుర్తు ఇంకొకటి ఉంది. రెండు బాణాల మొనలు ఎదురెదురుగా తాకుతున్నట్టు కొట్టి ఉంటే, ప్రభుత్వం దాన్ని సర్వీసు నుంచి తీసేసి అమ్మేసిందని అర్థం. అది కనిపిస్తే మీ ముత్తాత దాన్ని దొంగచాటుగా తెచ్చాడన్న మాటకు తావుండదు. మీ అర్జీలో ఆ ఫొటో తప్పక జతచేయండి.

సంవత్సరం కూడా మాట్లాడుతుంది. ఇప్పటి ఇరాక్‌లోని కుత్ పట్టణంలో చిక్కుబడిన బ్రిటిష్ ఇండియా సైన్యం లొంగిపోయింది 1916 ఏప్రిల్ 29న. బాగ్దాద్‌ను పట్టుకున్నది 1917 మార్చి 11న. మీ ఇంట్లో ఎవరైనా ‘కుత్ ముట్టడిలో తాత చేతిలో ఉన్నది ఇదే’ అని చెబుతుంటే, వస్తువు దానికి ఒప్పుకోదు. బాగ్దాద్ తర్వాతి రోజుల్లోనో, యుద్ధం ముగిశాకనో ఆయన చేతికి వచ్చి ఉండాలి. కుటుంబ కథను తప్పుపట్టమని చెప్పడం లేదు. కథలో ఏ భాగం నిలబడుతుందో, ఏది తర్వాత అతుక్కుందో తెలుసుకుంటే ఆ మనిషి మీకు మరింత దగ్గరవుతాడు.

ఈ కొలబద్ద చేతిలో ఉంటే మోసం కూడా పట్టుకుంటారు. మన జిల్లాల్లో పాత వస్తువుకు పెద్ద పేరు తగిలించి అమ్మజూపేవాళ్లకు కొదవ లేదు. రేపెవరైనా ‘ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాడిన రివాల్వర్’ అంటే, లెక్క వేయండి. కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆడమ్స్ రివాల్వర్ పుట్టింది ఆ తర్వాత నాలుగేళ్లకు, నడుమకు వంగే వెబ్లీ సైన్యంలోకి వచ్చింది నలభై ఏళ్లకు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ పేరు చెప్పినా అంతే. ఆయన దాచిన ఆయుధాలను కుంపెనీ సైన్యం బయటికి లాగి, జొహరాపురం దగ్గర యుద్ధం చేసి ఆయన్ను పట్టుకున్నది 1839లో. ఆ కోటలో దొరికినవి ఫిరంగులు, తుపాకులు, కత్తులు. రివాల్వర్ మన దేశపు యుద్ధాల్లో పేరు తెచ్చుకునే కాలం ఇంకా రాలేదు. ఇక పెషావర్ దగ్గరి దర్రా ఆదం ఖేల్‌లో చేత్తో చేసిన నకిలీలు నూరేళ్లుగా తిరుగుతున్నాయి. వాటి మీద ఇంగ్లీషు అక్షరాలు తప్పుల తడకగా, కొన్ని తిరగబడి ఉంటాయి. అసలు ముద్రల ఫొటోలు కళ్లకు అలవాటైతే అవి దూరం నుంచే తెలిసిపోతాయి.

సీమలో ఇళ్లల్లో పాత ఆయుధాలు ఎందుకు ఇంత తక్కువో కూడా ఆలోచించండి. 1800లో నిజాం దత్తమండలాలను కుంపెనీకి ఇచ్చాక, అనంతపురం నుంచి పాలించిన థామస్ మన్రో పాలెగాళ్ల బలాన్ని ఒక్కొక్కటిగా విరిచాడు. 1857 తర్వాత ఆయుధాల మీద కట్టుబాటు బిగిసింది, 1878 ఆయుధాల చట్టం దాన్ని పక్కా చేసింది. అందువల్ల మన పల్లెల్లో మిగిలినవి చాలావరకు లైసెన్సున్న వేటతుపాకులో, సైన్యంలో పనిచేసినవాళ్లు తెచ్చుకున్నవో అయి ఉంటాయి. మీ సుబేదారుగారి వస్తువు ఆ అరుదైన కోవలోది. అందుకే దాన్ని పోగొట్టుకోవద్దని ఇంతగా చెబుతున్నాను.

ఏం సేకరించాలి మరి? రివాల్వర్ చుట్టూ ఉన్నదంతా సేకరించండి. తోలు తొడుగు, దాన్ని మోసే నడికట్టు, భుజం మీదుగా వచ్చే పట్టీ, పిడి రింగుకు కట్టే తాడు, తుడిచే కడ్డీ, దిక్సూచి, యూనిఫాం గుండీలు, దళాల టోపీ బిళ్లలు, సిపాయిలు ఇంటికి రాసిన జాబులు, ఫొటోలు. ఆ నడికట్టునే చూడండి. 1858లో పిలిభిత్ దగ్గర జరిగిన పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్న శామ్ బ్రౌన్ అనే అధికారి ఒంటిచేత్తో కత్తి దూసుకోవడానికి వీలుగా చేయించుకున్న పట్టీ అది. తర్వాత సగం ప్రపంచపు సైన్యాలు అదే కట్టుకున్నాయి. ఇలాంటి వస్తువు కొన్నా, అమ్మినా మీ జోలికి ఎవరూ రారు. ఒక్క జాగ్రత్త: విడి సిలిండర్, విడి గొట్టం, ట్రిగ్గర్ లాంటి భాగాలు కొనొద్దు. చట్టం దృష్టిలో ఆయుధపు భాగాలు కూడా ఆయుధాలే. తూటాలూ అంతే. కాల్చేసిన ఖాళీ తొడుగులతో కూడా తలనొప్పులు వచ్చాయి కాబట్టి వాటిని దూరంగా పెట్టండి.

అన్నిటికన్నా ముందు మీ ఇంట్లోనే పతకాల కోసం వెతకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుబేదారుకు వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్ వచ్చి ఉండాలి. ఆ పతకాల అంచు చుట్టూ మనిషి పేరు, హోదా, దళం పేరు కొట్టి ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే కనిపిస్తాయి. ఎప్పుడో ఎవరో వాటిని కరిగించడానికి బంగారు అంగడికి తీసుకుపోయారేమో కూడా మీ మేనత్తలను అడగండి. ప్రొద్దుటూరులో అది జరగని పని కాదు. ఆనాటి ఇండియన్ ఆర్మీ లిస్టుల్లో సుబేదార్ల, జమాదార్ల పేర్లు కూడా ఉంటాయి. వాటిలో చాలా సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చదవడానికి దొరుకుతున్నాయి. పేరు దొరికితే ఆయన ఏ కంపెనీలో, ఏ ఏడాది హోదా పెరిగాడో తెలుస్తుంది. మీరుండే బెంగళూరులోనే, అల్సూరులో, మద్రాస్ సాపర్స్ వారసులైన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం ఉంది. వాళ్లకంటూ మ్యూజియం ఉంది. మాజీ సైనికుడి మునిమనవడినని ముందుగా ఉత్తరం రాసి, అనుమతి అడగండి. ఇంత దగ్గరగా అసలు ఆనవాలు పెట్టుకుని వీడియోల్లో వెతుక్కోవడం ఎందుకు?

కళ్లతో చూడాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. కడపలో రైలెక్కితే చెన్నై. సెయింట్ జార్జి కోట మ్యూజియంలో కుంపెనీ కాలపు ఆయుధాలు, ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో తంజావూరు నుంచి వచ్చిన ఆయుధాలు ఉన్నాయి. నోటుపుస్తకం పట్టుకుపోండి.

శుభ్రం చేసే సంగతి అడిగారు. మీరు ఇప్పుడు ఏమీ చేయొద్దు. అనుమతి ఏదైనా వచ్చాక కూడా చింతపండు, ఇటుకపొడి, ఉప్పుకాగితం దాని దరికి రాకూడదు. మనవాళ్లు పూజ సామాను తోమినట్టు తోమేస్తారు. తళతళలాడుతుంది, నంబర్లూ ముద్రలూ అరిగిపోతాయి. మీకు వాదించిపెట్టే సాక్ష్యం ఆ ముద్రలే కదా. పాత ఉక్కు మీద ఏర్పడిన గోధుమ నలుపు పొరను అలాగే ఉంచాలి. పైకి లేచిన ఎర్ర తుప్పును మాత్రం పలచని నూనె పెట్టి, నానబెట్టి, మెత్తటి గుడ్డతో తీయాలి, అదీ తెలిసినవాళ్లే. తోలు తొడుగు దొరికితే అందులో రివాల్వర్‌ను ఎప్పుడూ ఉంచొద్దు. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన పదార్థాలు ఉక్కును తింటాయి. పిడికి ఉన్న నల్లటి పలకలు కర్ర కావు, గట్టిపరిచిన రబ్బరు. ఎండ తగిలితే గోధుమ రంగుకు తిరుగుతాయి. మన కడప ఎండలు పొడిగా ఉండి ఇనుముకు మేలే చేస్తాయి, ఆశ్వయుజ, కార్తీక మాసాల వానల్లోనే జాగ్రత్త.

నాయనకు ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. ఆయనతో వాదించొద్దు. అడ్వకేటు దగ్గరికి ఆయన్నే ముందు కూర్చోబెట్టండి. ఆయన భయం ఆయుధం మీద కాదు, దానివల్ల కొడుక్కి ఏమవుతుందోనని. ఉత్తరం ఆయన పేరు మీద, ఆయన సంతకంతో పోతే ఆ బరువు సగం ఆయన చేతిలోకే వస్తుంది, దించుకోవడం ఆయనకే సులువవుతుంది. ఎన్నికల ప్రకటన వచ్చేలోగా ఈ పని ముగించండి. అప్పుడు లైసెన్సున్న తుపాకులను కూడా స్టేషన్లలో డిపాజిట్ చేయమంటారు, మీ కాగితం ఆ రద్దీలో అడుగున పడిపోతుంది.

ఫొటోల మాట ఒకటి మిగిలింది. మీరు తీసినవి మీ అడ్వకేటుకూ అర్జీకీ మాత్రమే. చేత్తో పట్టుకుని దిగిన ఫొటో, రీలు, వాట్సాప్ స్టేటస్, ఏదీ వద్దు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే ఆ సంగతి అడ్వకేటుకు మొదటి రోజే చెప్పండి. పాత రివాల్వర్లు అమ్ముతామంటూ గ్రూపుల్లో వచ్చే సందేశాలకు జవాబు ఇవ్వొద్దు. కలెక్టరు నుంచి జవాబు వచ్చాక, అది ఏదైనా సరే, దాని నకలుతో మళ్లీ రాయండి. మ్యూజియానికి ఇవ్వాల్సి వస్తే సుబేదారుగారి వివరాలు ఎలా రాసివ్వాలో అప్పుడు చూద్దాం.